గాలి తగలని గాయం

1902 అక్టోబరు 30న పంజాబులోని మల్కోవాల్ అనే పల్లెలో ప్లేగు టీకాలు వేశారు. ప్లేగు ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెడుతున్న రోజులవి. బొంబాయి పరేల్ ప్రయోగశాలలో వాల్డెమార్ హాఫ్‌కిన్ తయారుచేసిన టీకా సీసాలు ఆ పల్లెకు చేరాయి. ఆ రోజు 107 మంది టీకా వేయించుకున్నారు. వారం తిరిగేసరికి వాళ్ళలో కొందరికి దవడలు పట్టుకుపోయాయి. ఆ తర్వాత మెడ, వీపు, పొట్ట కొయ్యబారాయి. మొత్తం 19 మందికి జబ్బు చేసింది, 19 మందీ చనిపోయారు. వాళ్ళను చంపింది ప్లేగు కాదు, ధనుర్వాతం. ఆ 19 మందికీ మందు ఎక్కించింది ఒకే సీసాలోంచి.

విచారణ సంఘం సీసా బొంబాయిలోనే కలుషితమైందని తేల్చింది. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు. 1897 జనవరిలో ఆ ప్లేగు టీకాను ముందు తన ఒంట్లోకే ఎక్కించుకుని చూసిన మనిషి ఆయన. నిజం బయటికి రావడానికి చాలాకాలం పట్టింది. టీకా వేసే చోట సీసా బిరడా తీసే పట్టకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే బిరడా పీకారు. తెరిచినప్పుడు సీసాలోంచి ఏ వాసనా రాలేదు. ధనుర్వాతపు సూక్ష్మజీవి వారాల తరబడి అందులో పెరిగి ఉంటే ఆ కంపు దాగేది కాదు. అంటే విషం పుట్టింది సీసాలో కాదు. మట్టి నుంచి పట్టకారుకు, పట్టకారు నుంచి మందుకు, మందు నుంచి మనుషుల కండల్లోకి సూక్ష్మజీవి వెళ్ళి, అక్కడ పెరిగి విషం చేసింది. 1907లో రొనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరాలు రాసి ఈ సంగతి వాదించారు. చివరికి హాఫ్‌కిన్‌పై నింద తొలగింది. ఆయన మళ్ళీ మన దేశానికి వచ్చి కలకత్తాలో పనిచేశాడు. పరేల్ సంస్థకు 1925లో ఆయన పేరే పెట్టారు.

రాస్ తెలుగువాళ్ళకు కొత్తవాడు కాదు. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఆయనే. హైదరాబాదు నల్లకుంటలో అందరూ ఫీవర్ ఆసుపత్రి అని పిలుచుకునే ఆసుపత్రికి ఆయన పేరు ఉంది. ధనుర్వాతం వచ్చినవాళ్ళను ఎన్నో ఏళ్ళుగా తీసుకెళ్ళే చోటు కూడా అదే.

మల్కోవాల్ కథ ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోలేదు. రోగులకు సేవ చేసినవాళ్ళకు రాలేదు, పక్క ఇంటికి పాకలేదు. మట్టి తాకిన ఒక పరికరం, లోపలికి దిగిన ఒక సూది, వారం రోజుల మౌనం, ఆ తర్వాత మరణం. ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

మట్టిలో, పేడలో, గుర్రపు లద్దెలో, పెంటకుప్పల్లో, వీధి దుమ్ములో క్లాస్ట్రిడియం టెటని అనే బాక్టీరియా ఉంటుంది. పశువుల పేగుల్లో అది ఏ హానీ చేయకుండా బతికి, పేడతోపాటు పొలానికి చేరుతుంది. దానికి ఆక్సిజన్ గిట్టదు. గాలి తగిలిన చోట అది పెరగలేదు. అలాంటి జీవి నేలమీద ఎలా నిలుస్తుందంటే, సిద్ధబీజంగా మారి. తన జన్యుపదార్థాన్ని గట్టి పొరల మధ్య భద్రపరచుకుని, తిండీ నీరూ లేకుండా, పెరుగుదల లేకుండా ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. ఎండి దుమ్మైపోయిన మట్టిలోనూ చావదు. గాయానికి పూసే స్పిరిట్ దాన్ని ఏమీ చేయలేదు. నీళ్ళు మరిగించినంత మాత్రాన చచ్చిందని నమ్మడానికి లేదు. ఆసుపత్రుల్లో ఆటోక్లేవులో, ఒత్తిడి కింద 121 డిగ్రీల ఆవిరిలో పావుగంటకు తగ్గకుండా ఉంచితేనే అది నాశనమవుతుంది. పంట పండే నేలంతటినీ అలా ఉడికించలేం కదా. అందుకే ఈ జబ్బును భూమ్మీద లేకుండా చేయడం సాధ్యం కాదు. మశూచిని నిర్మూలించగలిగింది అది మనిషి ఒంట్లో తప్ప ఇంకెక్కడా బతకలేదు కాబట్టి. ధనుర్వాతం విషయంలో మనిషి లేకపోయినా దానికి లోటు లేదు.

సిద్ధబీజం చర్మం మీద ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. పొలంలో పనిచేసే ప్రతి రైతు కాళ్ళకూ అది అంటుతూనే ఉంటుంది. లోపలికి వెళ్ళి, గాలి అందని చోట చిక్కుకుంటేనే అది మేలుకుంటుంది. తుమ్మముల్లు అరికాల్లో విరిగిపోయింది అనుకోండి. పైన రంధ్రం ఒక రోజులో మూసుకుపోతుంది. లోపల ముక్క చుట్టూ కొంత కండ చనిపోతుంది, రక్తం అందదు. ముల్లుతోపాటు వెళ్ళిన వేరే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటాయి. ఇక అక్కడ సిద్ధబీజం మొలకెత్తి బాక్టీరియాగా మారి విభజన మొదలుపెడుతుంది. ధారగా రక్తం కారే కొడవలి గాటును చూసి మనం భయపడతాం. నిజానికి ఆ రక్తం చాలా మురికిని కడిగేస్తుంది. భయపడాల్సింది నొప్పి తగ్గిపోయి, మాని పోయిందనుకున్న సన్నని లోతైన గాయానికి.

తుప్పు పట్టిన మేకు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తుప్పుకూ ధనుర్వాతానికీ ఏ సంబంధమూ లేదు. తుప్పు పట్టిన మేకు చాలాకాలంగా నేలలో పడి ఉంటుంది, కాల్లోకి లోతుగా దిగుతుంది. దాని చెడ్డపేరుకు కారణం ఈ రెండే. అంగడిలో ఈ రోజే కొన్న తళతళలాడే మేకు పేడ అంటిన చెప్పులోంచి అరికాల్లోకి దిగినా ప్రమాదం అంతే ఉంటుంది. ఈ నమ్మకం వల్ల మేకు గుచ్చుకున్నవాడు ఆసుపత్రికి పరుగెడతాడు, వెదురు పేడు గుచ్చుకున్నవాడు ఇంట్లో కూర్చుంటాడు. చీము కారే చెవి, కాలిన పుండు, చక్కెర జబ్బువాళ్ళ పాదాల మీద మానని పుళ్ళు, శుభ్రతలేని చోట చేయించుకున్న గర్భస్రావం, పచ్చబొట్టు సూది, ఇవన్నీ ద్వారాలే. కొందరు రోగుల్లో ఎంత వెతికినా గాయం ఎక్కడుందో కూడా కనిపించదు.

కారణం మట్టిలో ఉందని మనుషులు తెలుసుకుని ఒకటిన్నర శతాబ్దం కూడా కాలేదు. సుశ్రుతుడి కాలం నుంచీ, గ్రీకు వైద్యుల కాలం నుంచీ లక్షణాలు తెలుసు. కారణం మాత్రం నరాలు దెబ్బతినడమనో, వాతం ప్రకోపించడమనో, చలిగాలి అనో అనుకునేవారు. 1884లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఆంటోనియో కార్లె, జార్జియో రాటోనె అనే ఇద్దరు ధనుర్వాతంతో చనిపోయిన మనిషి గాయపు చీమును కుందేళ్ళకు ఎక్కించారు. వాటికీ అదే జబ్బు వచ్చింది. అదే ఏడాది జర్మనీలో ఆర్థర్ నికొలాయర్ తోటలోని మట్టిని తెచ్చి జంతువుల చర్మం కింద పెట్టాడు. వాటికీ వచ్చింది. మట్టిలో ఉన్నదేదో గాయం దగ్గరే ఉండిపోయి, స్ట్రిక్నిన్ లాంటి విషాన్ని ఒంట్లోకి వదులుతోందని ఆయన ఊహించాడు. ఆ సూక్ష్మజీవిని మిగతావాటి నుంచి విడదీయడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఆ పని చేసింది బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న జపాను యువకుడు కితసాతో షిబసబురో, 1889లో. చీములో కలగాపులగంగా ఉన్న రకరకాల సూక్ష్మజీవుల్ని ఆయన 80 డిగ్రీల వేడిలో ఉంచాడు. మిగతావి చచ్చాయి, సిద్ధబీజాలు మిగిలాయి. వాటిని గాలిలో కాకుండా హైడ్రోజన్ వాయువులో పెంచాడు. ఒక కొన గుండ్రంగా ఉబ్బిన సన్నని కడ్డీలు సూక్ష్మదర్శిని కింద కనిపించాయి. వేడికి చావకపోవడం, గాలికి ఓర్వకపోవడం అనే రెండు స్వభావాలనే పనిముట్లుగా చేసుకున్న ఆ ప్రయోగం సూక్ష్మజీవశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన వాటిలో ఒకటి.

ఇక విషం సంగతి. బాక్టీరియా గాయం దాటి ఎక్కడికీ పోదు. అది చేసే టెటనోస్పాస్మిన్ అనే మాంసకృత్తి మాత్రం పోతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఒంటి బరువులో కిలోకు సుమారు 2.5 నానోగ్రాములు చాలని అంచనా. 60 కిలోల మనిషికి 150 నానోగ్రాములు. లెక్కకట్టి చూస్తే ఒక్క గ్రాము 60 లక్షల మందికి పైగా సరిపోతుంది. ఇందులోంచే ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. ప్రాణం తీయగల ఆ మోతాదు శరీరపు రక్షణ వ్యవస్థ గుర్తించి ప్రతిరక్షకాలు తయారుచేసుకోవడానికి చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి బతికి బయటపడిన మనిషికి కూడా అది మళ్ళీ రావచ్చు. అతనికీ టీకా వేయాల్సిందే.

విషం గాయం దగ్గరి నాడుల కొనల్లోకి దూరి, నాడి లోపలి దారిలోనే వెన్నుపాము వైపు ఎదురు ప్రయాణం చేస్తుంది. గాయం తగిలాక లక్షణాలు కనిపించడానికి 3 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువమందిలో వారం పది రోజులు. ఆ ఆలస్యంలో కొంత ఈ ప్రయాణానిదే. అరికాలి గాయం కన్నా ముఖం మీది గాయం త్వరగా జబ్బు తెస్తుంది. ఎంత త్వరగా వస్తే అంత ప్రమాదం.

వెన్నుపాములో అది చేసే పని ఒక్కటే. మోచేయి వంచాలంటే ముందువైపు కండరం బిగియాలి, వెనకవైపు కండరం సడలాలి. బిగియమనే ఆజ్ఞలు కొన్ని నాడీకణాలవి, ఆపమనే ఆజ్ఞలు మరికొన్నిటివి. ఆపే కణాలు గ్లైసిన్, గాబా అనే రసాయనాలను చిన్న చిన్న సంచుల్లో నింపుకుని, అవసరమైనప్పుడు వదులుతాయి. ఆ సంచి కణం గోడకు అతుక్కుని తెరుచుకోవాలంటే సినాప్టోబ్రెవిన్ అనే మాంసకృత్తి కావాలి. ధనుర్వాత విషంలోని ఒక భాగం దాన్ని ఒక నిర్దిష్టమైన చోట కోసేస్తుంది. ఇటలీలోని పాదువాలో స్కియావో, మోంటెకుక్కో బృందం దీన్ని 1992లో కనిపెట్టింది. సంచులు నిండుగానే ఉంటాయి, తెరుచుకోవు. ఆపమనే మాట కండరాలకు అందదు. పగ్గాలు తెగిన జోడెద్దులు బండిని చెరో దిక్కుకు లాగినట్టు, ఎదురుబొదురు కండరాలు రెండూ ఒకేసారి, ఉన్న బలమంతా పెట్టి బిగుస్తాయి.

నికొలాయర్ స్ట్రిక్నిన్ పేరు ఎత్తడం ఎంత సరైనదో ఇప్పుడు తెలుస్తుంది. మన అడవుల్లో ఉండే ముష్టి చెట్టు గింజల విషమే స్ట్రిక్నిన్. అది గ్లైసిన్‌ను అందుకునే చోటును మూసేస్తుంది, ధనుర్వాత విషం గ్లైసిన్‌ను పంపే చోటును మూసేస్తుంది. అందుకే ముష్టి గింజలు మింగిన మనిషీ ధనుర్వాత రోగీ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటారు. ఇంకో చుట్టం కూడా ఉంది. చెడిపోయిన డబ్బా ఆహారంలో పుట్టే బాట్యులినం విషాల్లో బి రకం కూడా సినాప్టోబ్రెవిన్‌ను సరిగ్గా అదే చోట కోస్తుంది. కాని అది కండరం దగ్గరే ఆగిపోయి బిగియమనే ఆజ్ఞను అడ్డుకుంటుంది, మనిషి మెత్తబడి చచ్చుబడిపోతాడు. ఒకే కత్తెర రెండు వేర్వేరు చోట్ల పనిచేస్తే రెండు తలకిందుల జబ్బులు.

మొదట దవడ. నోరు పూర్తిగా తెరవలేకపోవడం, ముద్ద మింగడం కష్టమవడం. పంటి నొప్పి అనుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. తర్వాత మెడ పట్టేస్తుంది, పొట్ట చెక్కలా గట్టిపడుతుంది. ముఖ కండరాలు బిగిసి పెదవులు పక్కలకు లాగుకుపోతాయి. ఆపైన మూర్ఛలాంటి బిగింపులు. తలుపు చప్పుడైనా, దీపం వేసినా, చేయి తాకినా చాలు, ఒళ్ళంతా ఒక్కసారిగా బిగుస్తుంది. తలా మడమలూ మాత్రమే మంచానికి ఆని నడుము పైకి లేస్తుంది. 1809లో కొరున్నా యుద్ధంలో గాయపడిన సైనికులను చూసిన స్కాట్లండు వైద్యుడు చార్లెస్ బెల్ ఈ భంగిమను గీసి పెట్టాడు. ఇప్పటికీ వైద్య విద్యార్థులకు ఆ చిత్రాన్నే చూపిస్తారు. ఆ బిగింపులు వెన్నుపూసలను విరగగొట్టగలవు. గొంతు కండరాలు బిగిస్తే ఊపిరి ఆగుతుంది.

ఇవన్నీ జరుగుతున్నంతసేపూ మనిషికి స్పృహ ఉంటుంది. మెదడులో ఆలోచించే భాగాన్ని ఈ విషం తాకదు. రోగి మాటలన్నీ వింటాడు, నొప్పంతా తెలుస్తుంది, మాట్లాడటానికి నోరు మాత్రం రాదు. ఇది తెలిశాక ఈ జబ్బు రాకుండా చేయడం గురించి తేలిగ్గా మాట్లాడటం నావల్ల కాదు.

నాడీకణాన్ని పట్టేసిన విషాన్ని ఏ మందూ విడిపించలేదు. ఇంకా రక్తంలో తిరుగుతున్న విషాన్ని ప్రతివిషం పట్టుకుంటుంది. గాయాన్ని కోసి చచ్చిన కండను తీసేస్తారు. మెట్రోనిడజోల్ బాక్టీరియాను చంపుతుంది. డయజిపాం, మెగ్నీషియం సల్ఫేట్ బిగింపులను తగ్గిస్తాయి. గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెడతారు. చీకటి గది, నిశ్శబ్దం. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల ఎదురుచూపు, నాడులు కొత్త సంధానాలు ఏర్పరచుకునేదాకా. మంచి ఐసీయూ ఉన్నచోట కూడా పదిమందిలో ఒకరో ఇద్దరో చనిపోతారు. అది లేనిచోట సగం మంది, పసిబిడ్డలైతే దాదాపు అందరూ.

ఐసీయూ అనే ఏర్పాటు వెనకే ధనుర్వాతం ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో ధనుర్వాతం వచ్చిన ఒక పసిబిడ్డకు కండరాలు సడలించే మందు ఇచ్చి, మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి అందించాడు. కొద్ది వారాలకే అదే నగరంలో పోలియో విజృంభించి ఊపిరాడని రోగులతో ఆసుపత్రి నిండిపోతే, ఆ బిడ్డ విషయం గుర్తున్న వైద్యులు ఇబ్సెన్‌ను పిలిపించారు. వందలమంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు చేత్తో సంచులు నొక్కి రోగులను బతికించారు. ఇప్పటి ఇంటెన్సివ్ కేర్ అక్కడి నుంచి మొదలైంది.

ప్రతివిషం కథ 1890లో మొదలైంది. కితసాతో, ఎమిల్ బేరింగ్ కలిసి, కొద్దికొద్దిగా విషం అలవాటు చేసిన జంతువు రక్తరసి మరో జంతువును కాపాడగలదని చూపించారు. దీంతో గుర్రాలు రంగంలోకి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం పొలాలు తరతరాల పేడ ఎరువుతో నిండి ఉన్నాయి. ఆ బురదలో తెగిన ప్రతి కాలూ ప్రమాదమే. 1914లో యుద్ధం మొదలైన తొలి నెలల్లో ధనుర్వాతం సైనికుల్ని గుంపులుగా తీసుకుపోయింది. గాయపడిన ప్రతి ఒక్కరికీ గుర్రపు రక్తరసి ఎక్కించడం మొదలుపెట్టాక అది బాగా తగ్గింది. అయితే ఆ రక్షణ రెండు మూడు వారాలకు మించి నిలవదు, పైగా గుర్రపు మాంసకృత్తి కొందరికి ప్రాణం మీదికి తెచ్చేది.

అసలు మార్పు తెచ్చింది పాశ్చర్ సంస్థలో పనిచేసిన గస్తోన్ రామోన్ అనే పశువైద్యుడు. ఫార్మాలిన్ కలిపి కొన్ని వారాలు వెచ్చగా ఉంచితే విషం తన హానిని పోగొట్టుకుంటుంది, ఆకారాన్ని మాత్రం నిలుపుకుంటుంది. శరీరం ఆ ఆకారాన్ని గుర్తుపట్టి ప్రతిరక్షకాలు చేసుకుంటుంది. 1920ల మధ్యలో ధనుర్వాతానికి ఇలా తయారైందే టాక్సాయిడ్, మనం ఇన్నాళ్ళూ టీటీ అని పిలిచినది. రెండో ప్రపంచ యుద్ధంలో ముందుగానే టీకా వేసిన అమెరికా సైన్యంలో లక్షలాది గాయాలకు వచ్చిన ధనుర్వాతం కేసులు 12. ఈ టీకాను నేడు భారీగా తయారుచేసే సంస్థల్లో 1953లో హైదరాబాదులో పుట్టిన బయొలాజికల్ ఇ ఒకటి.

టీకా చేసిన మేలు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పురిటి గదిలో. బొడ్డుతాడు కోసిన చోటు ఒక పచ్చి గాయం. దాన్ని కొడవలితోనో, వాడిన బ్లేడుతోనో కోసి, పైన పేడో బూడిదో మట్టో పెడితే సిద్ధబీజానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. బిడ్డ మొదటి రెండు రోజులు అందరు బిడ్డల్లాగే పాలు తాగుతుంది, ఏడుస్తుంది. మూడో రోజు తర్వాత, ఎక్కువగా వారం లోపు, రొమ్ము పట్టలేకపోతుంది. మూతి బిగుస్తుంది, ఒళ్ళు కొయ్యబారుతుంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అనుకునేవారు. జననం నమోదు కాకముందే, పేరు పెట్టకముందే ఆ బిడ్డలు పోయేవారు కాబట్టి వాళ్ళు ఏ లెక్కలోకీ వచ్చేవారు కాదు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టి చూస్తే ఆ ఒక్క ఏడాదిలో లోకమంతటా 7,87,000 మంది పసికందులు ఇలా చనిపోయారు.

దీనికి విరుగుడు తల్లి చేతికి వేసే సూది. తల్లి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలు మావి ద్వారా బిడ్డకు చేరి, పుట్టాక మొదటి వారాల్లో కాపలా కాస్తాయి. దాంతోపాటు శుభ్రమైన కాన్పు: కడిగిన చేతులు, శుభ్రమైన పరుపు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పూయకపోవడం. మంత్రసానుల్ని ఈ కథలో దోషులుగా చూపించడం నాకు నచ్చదు. నేర్పినచోట వాళ్ళు నేర్చుకున్నారు, సబ్బూ బ్లేడూ దారమూ ఉన్న కాన్పు పొట్లం చేతికిస్తే వాడారు. వాళ్ళతోపాటు సూదిమందు పెట్టె భుజాన వేసుకుని ఊరూరూ తిరిగిన ఏఎన్‌ఎంల కష్టం ఉంది.

ప్రతి జిల్లాలో వెయ్యి సజీవ జననాలకు ఒక కేసు కన్నా తక్కువ ఉంటే నవజాత శిశువుల ధనుర్వాతం తొలగిపోయినట్టు పరిగణిస్తారు. దేశంలో ఆ మైలురాయిని మొదట దాటిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 2003లో, ఇప్పటి తెలంగాణ కూడా అందులో ఉన్నప్పుడు. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. 2018 నాటికి ప్రపంచంలో ఇలా చనిపోయిన పసికందుల అంచనా 25,000కు దిగింది. పోలియో గెలుపును అందరం పండగలా చేసుకున్నాం. ఈ గెలుపు సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలియనే తెలియదు. ఇది తొలగింపే, నిర్మూలన కాదు. మట్టిలో సిద్ధబీజం అలాగే ఉంది. ఒక తరం తల్లులకు సూది మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది.

ఈ అధ్యాయంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మన టీకా కార్యక్రమం పసిబిడ్డనూ గర్భిణినీ పట్టుకుని నడిచింది. అది సరైనదే. బిడ్డకు 6, 10, 14 వారాల్లో పెంటావాలెంట్, ఏడాదిన్నర ప్రాంతంలో, మళ్ళీ 5-6 ఏళ్ళకు డీపీటీ, 10, 16 ఏళ్ళకు టీడీ. గర్భిణికి నెల తేడాతో రెండు టీడీలు. టీటీ స్థానంలో ఇప్పుడు వేస్తున్న ఈ టీడీ డిఫ్తీరియా నుంచి కూడా కాపాడుతుంది. ఆ తర్వాత? పదహారేళ్ళు దాటిన మగవాడిని ఈ కార్యక్రమం ఇక పలకరించదు. చివరి కాన్పు అయిపోయిన ఆడమనిషిని కూడా. దేశంలో పిల్లల టీకా కార్యక్రమం 1978లో మొదలై, 1985 తర్వాతే పల్లెలకు విస్తరించింది. అంతకు ముందు పుట్టి, ఈ రోజుకీ మడిలో దిగి పనిచేసే రైతుకు జీవితంలో ఒక్క పూర్తి వరస కూడా పడి ఉండకపోవచ్చు. పడినవాళ్ళకూ ప్రతిరక్షకాలు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతాయి. మట్టితో, పేడతో, కొడవలితో, ముళ్ళతో రోజూ పనిచేసేవాడికే రక్షణ అందరికన్నా తక్కువగా ఉంది.

చుట్టుపక్కలవాళ్ళు టీకా వేయించుకుంటే నాకూ రక్షణ దొరుకుతుందనుకోవడం తట్టు విషయంలో కొంత నిజం. ధనుర్వాతంలో అది పూర్తిగా అబద్ధం. ఊరంతా వేయించుకున్నా, వేయించుకోని ఒక్కడికీ ప్రమాదం ఏ మాత్రం తగ్గదు, ఎందుకంటే జబ్బు వచ్చేది ఊరివాళ్ళ నుంచి కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేలో శిథిలాల మధ్య గాయపడిన వందమందికి పైగా మనుషులకు ధనుర్వాతం వచ్చింది. తుపానులు తప్పని మన కోస్తా జిల్లాలవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. విరిగిన రేకులూ చెట్లూ తొలగించేటప్పుడు అందరి చేతులూ కాళ్ళూ తెగుతాయి.

మన దగ్గర దెబ్బ తగిలితే 24 గంటల్లోపు టీటీ సూది వేయించుకోవాలని గట్టి నమ్మకం. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఆ సూది పడితే మనసు కుదుటపడుతుంది. ఈ నమ్మకం సగం నిజం, ఆ మిగతా సగమే ప్రాణాంతకం. చిన్నప్పుడు టీకాల వరస పూర్తయినవాడికి ఆ సూది పాత జ్ఞాపకాన్ని తట్టి లేపుతుంది, కొద్ది రోజుల్లోనే ప్రతిరక్షకాలు పెరుగుతాయి. ఎప్పుడూ వేయించుకోనివాడికి ఆ మొదటి సూది ఈ గాయం విషయంలో ఏమీ చేయలేదు. శరీరం ప్రతిరక్షకాలు చేసుకోవడానికి వారాలు పడుతుంది, అది కూడా ఒక మోతాదుతో చాలదు. అలాంటివాడికి లోతైన, మురికి గాయం తగిలితే తయారైన ప్రతిరక్షకాలనే ఇవ్వాలి. దాన్ని టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటారు, మామూలుగా 250 యూనిట్లు. ఒక చేతికి అది, రెండో చేతికి టీకా. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి: ఇంతకుముందు ఎన్ని పడ్డాయి, ఆఖరిది ఎప్పుడు.

మరోవైపు ప్రతి చిన్న గీతకూ ఏడాదికి రెండుసార్లు సూది వేయించుకునేవాళ్ళు ఉన్నారు. వరస పూర్తయి ఉంటే, చిన్న శుభ్రమైన గాయానికి ఆఖరి మోతాదు పడి పదేళ్ళు దాటితేనే మళ్ళీ అవసరం. మురికి గాయానికైతే ఐదేళ్ళు దాటితే. అంతకన్నా తరచుగా వేస్తే చేయి వాచి నొప్పి పెట్టడం తప్ప అదనపు లాభం లేదు. 24 గంటలు దాటాయని మానేయడం కూడా తప్పే. జబ్బు వారం పది రోజులకు గాని రాదు కాబట్టి ఆలస్యమైనా వెళ్ళాలి.

సూది కన్నా ముందు చేయాల్సింది కడగడం. కుళాయి కిందో బోరు కిందో ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో, నొప్పి పుట్టినా సరే, చాలాసేపు కడగాలి. లోపల ముల్లు ముక్క, గాజు పెంకు, మట్టి ఉండిపోతే తీయించాలి. కాఫీ పొడి, పసుపు, సున్నం, పేడ, బూడిద పెట్టకూడదు. రక్తం ఆగుతుందనే ఉద్దేశంతోనే మన ఇళ్ళలో కాఫీ పొడి అద్దుతారు. రక్తం ఆగడానికి శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టడం చాలు. కాఫీ పొడి గాయం నోరు మూసేసి, లోపల గాలి అందకుండా చేస్తుంది. డాక్టరు మురికి గాయానికి వెంటనే కుట్లు వేయకుండా తెరిచి ఉంచితే కంగారు పడవద్దు, ఆయన చేస్తున్నది సరైన పనే.

ఇంట్లో పశువులున్నవాళ్ళకు ఒక్క మాట. గుర్రాలు, మేకలు, గొర్రెలు కూడా ఈ జబ్బుతో చనిపోతాయి, ఎక్కువగా విత్తులు కొట్టిన తర్వాతో చెవులకు గుర్తులు వేసిన తర్వాతో. ఆ పనులకు వాడే కత్తికీ శుభ్రత కావాలి.

ఎన్నడూ టీకా పడలేదని అనుమానం ఉన్న పెద్దవాళ్ళకు ఒక వరస చాలు. ఈ రోజు ఒకటి, నెల తర్వాత రెండోది, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మూడోది. అక్కడి నుంచి పదేళ్ళకోసారి ఒకటి. ఖర్చు చాలా తక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్‌లో ఈ మందు ఎలాగూ ఉంటుంది. టీడీ సీసాలో పది మోతాదులుంటాయి. నియమం ప్రకారం చల్లగా ఉంచితే తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడవచ్చు, కాబట్టి ఒక్కరి కోసం తెరిస్తే వృథా అవుతుందన్న బెంగ లేదు. గర్భిణికి సూది వేయడానికి ఊళ్ళోకి వచ్చే ఏఎన్‌ఎంకు ఆ ఇంటి మామగారిని, అత్తగారిని కూడా అడిగే అధికారం, అందుకు సరిపడా మందు ప్రభుత్వం ఇవ్వాలి. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. టీకా రోజున కోడలితోపాటు మామగారు కూడా చొక్కా చేయి పైకి మడిచి కూర్చోవచ్చు, తేదీ రాసిన చీటీని రేషన్ కార్డుతోపాటు దాచుకోవచ్చు.